ఎవరూ తొక్కని చోటు

మేకులు పీకిందెవరో ఇంకా తేలలేదు. కోడలే పీకిందని మాత్రం ఆడపడుచు తేల్చేసుకుంది.

"నిన్న సాయంత్రం మేస్త్రీ నా కళ్ళముందే పాతి వెళ్ళాడు. మూలమూలకీ ఒక మేకు, చుట్టూ దారం, దారం వెంబడి సున్నం. తెల్లారేసరికి మేకులన్నీ మాయం. వాటికేమన్నా కాళ్ళొచ్చాయా?" అంది ఆడపడుచు, పెరటి గుమ్మంలో నిలబడి.

ఆవిడ ఓ బడికి హెడ్‌మిస్ట్రెస్. సెలవులకి పుట్టింటికి వచ్చినా సరే, గంట కొట్టకముందే అందరూ వరసలో నిలబడాలని ఆవిడ ఉద్దేశం.

"నేను పీకలేదు వదినా," అంది కోడలు.

"నువ్వు పీకావని నేనన్నానా?"

అనలేదు. అనకుండా అనడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు.

మొగుడుగారు కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఊళ్ళో వాళ్ళందరికీ కళ్ళజోళ్ళు చేసిచ్చే మనిషి. అక్కకీ పెళ్ళానికీ మధ్య జరిగేది మాత్రం ఆయన కంటికి ఏనాడూ ఆనదు.

"పోనీలే అక్కా, మేస్త్రీ రాగానే మళ్ళీ పాతిస్తాను," అన్నాడు చివరికి.

"ఇలా పాతిస్తూ కూర్చోవడమేనా? మధ్యాహ్నం కాంక్రీటు లారీ వస్తుంది. వచ్చిందంటే ఆగదు, లారీలోనే గట్టిపడిపోతుంది. ఈలోగా గొయ్యి తవ్వాలి, నేల అణిగేలా దిమ్మిస కొట్టాలి. నాన్న మళ్ళీ కాళ్ళమీద నిలబడాలని నీకుందా లేదా తమ్ముడూ?"

ఆ మాట అన్నాక ఇంకెవరు నోరెత్తుతారు?

పక్షవాతం వచ్చి పెద్దాయనకి కుడిపక్కంతా పడిపోయింది. వేడినీళ్ళలో కూర్చోబెట్టి కాలూ చెయ్యీ ఆడిస్తే పట్టు చిక్కుతుందని వ్యాయామం చేయించే అమ్మాయి అంది. అనడమే తడవు, కూతురు వేడినీళ్ళ తొట్టి కొనేసింది. నలుగురు దర్జాగా కూర్చునేంత తొట్టి. దాంతో వచ్చిన పుస్తకం పాఠం చదివినట్టు చదివి, టేపు పట్టుకుని పెరడంతా కొలిచింది. వంటింటి కిటికీ కింద పెడదామంటే కరెంటు తీగలున్నాయి. గోడవార పెడదామంటే చెట్టు, ఆకులన్నీ నీళ్ళలోనే రాలతాయి. వాకిట్లో పెడితే ఎదురు మేడమీంచి లోకమంతా చూస్తుంది. మిగిలింది పెరటి నడుమ, బట్టలారేసే తీగకీ గుమ్మానికీ మధ్యనున్న జాగా. చదునుగా ఉంది, గుమ్మానికి దగ్గర.

"అటు ఎవరూ నడవరు, ఏమీ పెట్టరు. బంగారం లాంటి చోటు ఊరికే పడుంది!" అని సంబరపడిపోయింది.

ఎందుకు ఊరికే పడుందో అడగాలని ఆవిడకి తట్టలేదు. ఎవరికీ తట్టలేదు.

పెద్దాయన్ని అడుగుదామన్నా ఆయనకి మాట పోయింది. పోగా ఒక్కటే మిగిలింది: వద్దు. కంచం పెడితే "వద్దు" అంటాడు, శుభ్రంగా తింటాడు. మందిస్తే "వద్దు" అంటాడు, మింగుతాడు. కూతురు వచ్చిన పూట గుమ్మంలో ఆవిణ్ణి చూసి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని "వద్దు, వద్దు" అన్నాడు. ఆవిడ బావురుమంది. తరవాత అందరికీ అలవాటైపోయింది. తొట్టి బొమ్మ చూపించినప్పుడు కూడా ఆయన అదే మాటన్నాడు. అందరూ నవ్వి, సరేనన్నాడనుకున్నారు.

కోడలు ఒక్కతే నవ్వలేదు.

* * *

వేడినీళ్ళూ తువ్వాలూ పట్టుకుని ఆమె మామగారి గదిలోకి వెళ్ళింది. రోజూ పొద్దున్నే ఒళ్ళు తుడిచేది ఆమే. మొహం తుడిచింది, పడిపోయిన చెయ్యి తుడిచింది. బాగున్న ఎడమచెయ్యి పట్టుకుని ఆగిపోయింది.

గోళ్ళనిండా మట్టి.

ముందు ఏదో తిండి మెతుకనుకుంది. తువ్వాలుతో తుడిస్తే ఎర్రగా వచ్చింది. మంచం పక్కనున్న చక్రాల కుర్చీ వైపు చూసింది. చక్రాలకి సున్నం అంటుకుని ఉంది.

దుప్పటి సర్దుతుంటే కాళ్ళదగ్గర గట్టిగా తగిలాయి. తీసి చూసింది. కర్ర మేకులు. దారం కూడా వాటికే చుట్టుకుని ఉంది.

"మామయ్యా, మీరా?" అంది గొంతు తగ్గించి.

పెద్దాయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కంచం పెట్టినప్పుడు అనే వద్దు కాదిది. వేళ్ళు చర్మంలో దిగేలా పట్టుకుని, కిటికీలోంచి పెరట్లోకి చూస్తూ, "వద్దు," అన్నాడు. చెయ్యంతా వణుకుతోంది. ఈ మనిషి భయపడుతున్నాడు. ఒక చెయ్యీ ఒక కాలూ ఆడించుకుంటూ, ఇల్లు లేవకముందే, కుర్చీ దించడానికి పెరటి మెట్ల మీద వేసిన చెక్క వాలు దిగి వెళ్ళి మేకులు పీక్కొచ్చేంత భయం.

అదే సమయానికి ఆడపడుచు లోపలికి రావాలా? వచ్చింది. కోడలి చేతిలో మేకులు చూసింది.

"దొరికాయన్నమాట!"

"దుప్పట్లో ఉన్నాయి వదినా. మామయ్యే పీకారు. కుర్చీ చక్రాలకి సున్నం ఉంది, గోళ్ళనిండా మట్టి ఉంది."

"ఏదీ?"

కోడలు ఆయన చెయ్యి తిప్పి చూపించింది. తెల్లగా మెరిసిపోతోంది. తుడిచేసింది కదా, తల్లీ!

ఆడపడుచు ముఖం పాలిపోయింది. కోపం వస్తే ఆవిడ అరవదు, మాటలు నెమ్మదిస్తాయి. "మంచం మీంచి కుర్చీలోకి మారడానికే ఇద్దరు పట్టాలి. అలాంటి మనిషి మీద పెట్టావా? ఆ కుర్చీ తోసేది నువ్వే కదా! చూడమ్మాయ్, చాకిరీ నువ్వు చేస్తున్నావు, కాదనను. కానీ ఆయన లేచి తిరగడం నీకిష్టం లేదేమోనని నాకిప్పుడే అనుమానం వస్తోంది."

ఆ మాట కోడలికి సూటిగా తగిలింది. గుమ్మంలో నిలబడ్డ మొగుడి వైపు చూసింది. ఒక్క మాట, "అక్కా, అదేం మాట" అని ఒక్కటంటే చాలు.

"ఇప్పుడవన్నీ ఎందుకు, మేస్త్రీ వచ్చే వేళయింది," అన్నాడాయన.

పెద్దాయన కూతురు వైపు తిరిగాడు. ఎడమచెయ్యి ఎత్తాడు. అరచెయ్యి నేలవైపు తిప్పి, మంచం పక్కన కిందికి దించి, ఒక ఎత్తు దగ్గర ఆపాడు. అలాగే పట్టుకుని చూశాడు.

"చూశారా! తొట్టి ఎత్తు అడుగుతున్నారు," అంది ఆడపడుచు, కన్నీళ్ళలోంచి నవ్వుతూ. "అంతే నాన్నా, సరిగ్గా అంతే. మెట్టేసి ఎక్కిస్తాం. మీకు నీళ్ళంటే మొదట్నుంచీ జంకు, నాకు తెలీదా? మమ్మల్ని ఈతకి పోనిచ్చారా ఎప్పుడైనా? అదీ పోతుంది."

"వద్దు," అన్నాడు పెద్దాయన.

"అలాగే నాన్నా," అందావిడ.

* * *

కోడలికి ఇంట్లోనే కుట్టుపని. మిషను వెనకగది కిటికీ పక్కన ఉంటుంది. బట్ట మీద నుంచి తలెత్తితే కనబడేది పెరడే. కాపురానికొచ్చినప్పట్నుంచీ ఆమె చూస్తోంది: తీగ మీది బట్టలు తీసుకుని గుమ్మానికి వచ్చేవాళ్ళెవరూ తిన్నగా రారు. చుట్టూ తిరిగొస్తారు. గడ్డిలో కాలిబాట కూడా వంపు తిరిగే పడింది. తనూ అలాగే తిరగడం ఎప్పుడు నేర్చుకుందో ఆమెకి గుర్తులేదు. నిన్నటిదాకా ఆ సంగతి ఆలోచించనూ లేదు.

ఇవాళ సున్నం గీతల చుట్టూ చక్రాల జాడ చూసింది. ఒక్కచోట కూడా అది గీత దాటి లోపలికి పోలేదు.

తీగ మీంచి తువ్వాలు తీసుకుని వస్తున్న ఆడపడుచుకి ఎదురెళ్ళింది.

"వదినా, మీరిప్పుడెలా వచ్చారు?"

"ఎలా రావడమేమిటి? నడిచి."

"తిన్నగా రాలేదు. చుట్టూ తిరిగొచ్చారు. ఎందుకు?"

ఆడపడుచు వెనక్కి తిరిగి చూసుకుంది. ఎప్పుడో పెళ్ళయి వెళ్ళిపోయిన మనిషి. కాళ్ళు మాత్రం ఆ వంపు మరిచిపోలేదు.

"ఎందుకేమిటి, అలవాటు. నీ అనుమానాలన్నీ ఇలాగే ఉంటాయి. ఇదుగో చూడు," అని గిర్రున తిరిగి తిన్నగా నడిచింది. గీత దగ్గరికి వెళ్ళేసరికి ఒక కాలు లేచి ఆగింది. అలాగే నిలబడింది. కాసేపటికి కాలు వెనక్కి పెట్టుకుంది.

"చెప్పులకి సున్నం అంటుతుంది," అంది. గొంతులో హెడ్‌మిస్ట్రెస్ లేదు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కోడలు వంటింట్లోకి వెళ్ళింది. అత్తగారు కూరగాయలు తరుగుతోంది. ఈ గొడవంతా మొదలైనప్పట్నుంచీ ఆవిడ కూరగాయలు తరుగుతూనే ఉంది. ఇంట్లో మాట పెరిగిందంటే చాలు, ఆవిడకి అప్పుడే వంటింట్లో పని గుర్తొస్తుంది.

"అత్తయ్యా, పెరట్లో ఆ మధ్యజాగా మనమెందుకు తొక్కం?"

కత్తి ఆగింది. "మా అత్తగారు తొక్కకు అంది. తొక్కలేదు. పిల్లల్ని తొక్కనివ్వలేదు."

"ఎందుకని అడగలేదా?"

"మా అత్తగారినా! ఆవిడ ముందు తుమ్మడానికే భయపడేదాన్ని, ఇంక ఎందుకని కూడానా?" అంది అత్తగారు. "అయినా అడిగితే చెప్పే మనిషి కాదు. ఒక్కగానొక్క కొడుకు మీ మామయ్య. పెళ్ళయ్యాక కూడా ఆయన పెరట్లోకి వెళితే ఆవిడ వెనకాలే వెళ్ళి నిలబడేది. నాకు అసూయగా ఉండేది కూడాను. ఏం తల్లో, అనుకునేదాన్ని."

"మామయ్య ఎప్పుడూ చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?" అంది అత్తగారు. మళ్ళీ కత్తి అందుకుంది కానీ తరగలేదు.

* * *

మేస్త్రీ వచ్చాడు. నవ్వుతూ వస్తాడు, నవ్వుతూ పోతాడు, మధ్యలో ఏం చేసినా గట్టిగా చెబుతాడు. మేకులు పోయాయంటే, "పోతే పోనీండమ్మా, కళ్ళు మూసుకుని గీస్తాను," అన్నాడు. గీశాడు కూడా. మనుషుల్ని పెట్టి తవ్వించాడు. మోకాలి లోతు దిగేసరికి పార ఖణేలుమంది.

"రాయి తగిలింది!" అని కేకేశాడు. "మీ అదృష్టమే అదృష్టం! అడుగునంతా రాయే. తొట్టి కాదు, ఏనుగుని నిలబెట్టండి, కదలదు."

రసమట్టం పెట్టి చూశాడు. గాలిబుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. ఆడపడుచు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. మొగుడుగారు పెళ్ళాం వైపు చూసి, విన్నావా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు.

విన్నది. గండం గడిచినట్టే అందరి మొహాలూ వికసించాయి. ఆమె ఒక్కతే ఇంకా గొయ్యిలోకే చూస్తోంది. రాయి అయితే మామయ్య ఎందుకు వణికాడు?

ఇనపజాలి తీసుకురావడానికి మేస్త్రీ మనుషులతో సహా బండెక్కి పోయాడు. "నేనొచ్చాకే దిమ్మిస," అని చెప్పే పోయాడు. కానీ లారీ డ్రైవరు ఫోన్ చేశాడు, బయలుదేరానని. మొగుడుగారికి కాలు నిలవలేదు. దిమ్మిస యంత్రం గొయ్యిలోనే ఉంది. తాడు లాగితే మొదలవుతుంది, అదేమంత బ్రహ్మవిద్య? దిగాడు, లాగాడు.

యంత్రం మోత ఇల్లంతా నిండింది. వంటింటి గోడకున్న గరిటెలు గలగలమన్నాయి. మిషను ముందు కూర్చున్న కోడలు చెవులు రిక్కించింది. మూల నుంచి మొదలుపెట్టాడు. నేల మీద పడ్డ దెబ్బ ధన్ ధన్‌మని గట్టిగా వస్తోంది. నడుమకి వస్తున్నకొద్దీ చప్పుడు మారింది. ఖాళీ డ్రమ్ము మీద కొట్టినట్టు లోపల్నుంచి పలుకుతోంది. డొల్ల.

లోపలి గదిలోంచి కేక వినబడింది. "వద్దు! వద్దు! వద్దు!"

ఆమె లేచి పరుగెత్తింది. కుర్చీ వెనక్కి పడింది, చూసుకోలేదు. గొయ్యి అంచుకి వచ్చి, "ఏవండీ! ఆపండి!" అని అరిచింది. ఆయన వీపు ఇటుంది. మోతలో ఏమీ వినబడటంలేదు. ఆయన కాళ్ళ పక్కన మట్టి సన్నని గీతలా చీలి, ఆ గీతలోకి ఇసుక ధారగా జారిపోతోంది. ఎక్కడికి జారుతోంది? అడుగున రాయి ఉందన్నారు కదా!

ఆమె మట్టిగడ్డ తీసి ఆయన వీపు మీదికి విసిరింది. ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. యంత్రం ఆపాడు.

"ఏమిటే ఇది?"

"కదలొద్దు."

"ఏమైంది?"

"కాళ్ళకింద చూడండి. కదలొద్దు, మీకు దణ్ణం పెడతాను."

చూశాడు. మొహంలో రక్తం లేదు. నిశ్శబ్దంలో ఇప్పుడు స్పష్టంగా వినబడుతోంది: కాళ్ళకింద ఎక్కడో, చాలా కింద, నీళ్ళలో మట్టి రాలుతున్న చప్పుడు.

"బావి," అంది ఆడపడుచు వెనకనుంచి. ఎప్పుడొచ్చిందో. "ఇది బావి. తమ్ముడూ, బావి మీద నిలబడ్డావురా!"

"వదినా, ఆ చెక్క! మామయ్య కుర్చీ దించే చెక్క!"

ఇద్దరూ పరుగెత్తారు. గుమ్మం మెట్ల మీది చెక్క వాలు ఇద్దరు మగాళ్ళు కలిసి వేసింది. ఇద్దరాడవాళ్ళు ఎలా లాగారో వాళ్ళకే తెలీదు. ఒకరు పీకావనీ ఒకరు పీకలేదనీ పొద్దున్నుంచీ రగిలిన గొడవ ఎటు పోయిందో, ఒకే మనిషిలా ఊపిరి తీస్తూ దాన్ని ఈడ్చుకొచ్చి గొయ్యికి అడ్డంగా వేశారు.

"బోర్లా పడుకోండి. పడుకుని పాకండి. యంత్రం వదిలెయ్యండి!"

"యంత్రం అద్దెదే..."

"వదులు!" అని గర్జించింది అక్క.

ఆయన వదిలాడు. చెక్క మీద పొట్ట ఆనించి పాకాడు. కోడలు చేతులు చాచింది. మొగుడి వేళ్ళు తన వేళ్ళకి అందిన క్షణానే వెనక ఠప్పుమని శబ్దమైంది. బావి మీద కప్పిన రాయి రెండుగా విరిగింది. యంత్రం ఒరిగి, తలకిందులై, నల్లటి కన్నంలోకి దిగిపోయింది. ఆ తరవాత ఏమీ వినబడలేదు. ఇంకా వినబడలేదు. గోడకి తగిలిన చప్పుడు, చివరికి నీళ్ళ చప్పుడు.

ఆయన్ని గట్టుమీదికి లాగారు. ఆయన పెళ్ళాం చెయ్యి వదలకుండా పట్టుకుని, "పొద్దున నేను నోరు విప్పాల్సింది," అన్నాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఆమె ఏడుస్తూ ఆయన చొక్కా మీది మట్టి దులుపుతూ ఉండిపోయింది. ఎంత దులిపినా పోవడంలేదు.

ఆడపడుచు నేలమీద చతికిలబడి ఆయన తల నిమురుతోంది. "తమ్ముడూ... తమ్ముడూ..." ఇంకో మాట రావడంలేదు ఆవిడకి.

"తమ్ముడు."

అందరూ తలెత్తారు. ఆ మాట గుమ్మంలోంచి వచ్చింది. పెద్దాయన చక్రాల కుర్చీలో గడప దాకా వచ్చి ఆగిపోయాడు. దిగడానికి చెక్క లేదు.

"నాన్నకి మాటొచ్చింది!" అంది ఆడపడుచు. "నా మాట విని అన్నారు! నాన్నా, తమ్ముడికేం కాలేదు, ఇదుగో చూడండి!"

పెద్దాయన కొడుకు వైపు చూడటంలేదు. ఆ కన్నం వైపు చూస్తున్నాడు. "తమ్ముడు," అన్నాడు మళ్ళీ. ఎడమచెయ్యి లేచింది. అరచెయ్యి నేలవైపు తిరిగింది. కుర్చీ చక్రం పక్కన కిందికి దిగి, పొద్దున ఆగిన ఎత్తు దగ్గరే ఆగింది.

నడక వచ్చిన పిల్లాడి తల ఎత్తు అది. ఈసారి చెప్పక్కర్లేకుండా అందరికీ తెలిసింది.

అత్తగారు ఆయన వెనక గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. "ఈయనకి తమ్ముడెక్కడున్నాడే?" అంది. "ఒక్కడే కొడుకు. నాకు అలాగే చెప్పారు. అందరూ అలాగే..." ఎవరి పక్కన ఇన్నేళ్ళూ పడుకుని లేచిందో ఆ మనిషి వైపు కొత్తగా చూసింది.

పెద్దాయన ముందుకి వంగాడు. అంచుకి పోతున్న పసివాణ్ణి బెదరగొట్టకుండా పిలిచినట్టు, ఎంతో మెల్లిగా, "వద్దు," అన్నాడు కన్నం వైపు. "వద్దు... వద్దు..."

ఆయనకి అన్ని మాటలూ పోయి ఈ ఒక్కటే ఎందుకు మిగిలిందో కోడలికి అప్పుడర్థమైంది. లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

వీధిలో లారీ ఆగిన చప్పుడైంది. హారన్ మోగింది. వెంటనే మేస్త్రీ గొంతు, నవ్వుతూ: "అమ్మా, కాంక్రీటు వచ్చేసింది! పోసేద్దామా? ఇది ఆగదు!"

పెద్దాయన కోడలి మణికట్టు పట్టుకున్నాడు.